నూరు లెక్కపెట్టే పద్ధతి

మరిడయ్య లైఫ్ జాకెట్ విప్పి సుభానీ ముందు పెట్టాడు.

"ఇక నావల్ల కాదు గురువుగారూ. ఇది ఇంకెవరికైనా ఇవ్వండి."

తుఫాను తీరం దాటి మూడు రోజులైంది. మునిగిన వీధులను అగ్నిమాపక దళం మోటారు పడవ మీద గాలిస్తోంది. ముందురోజు మరిడయ్య ఒక ఇంటి గోడ మీద 'ఎవరూ లేరు' అని ఎర్రరంగుతో గుర్తు పెట్టాడు. ఈ ఉదయం ఆ ఇంటి అటక మీదే ఒక ముసలావిడ శవం దొరికింది. ఆమె ఒళ్లో స్టీలు కంచం, గరిటె ఉన్నాయి.

దళానికి పెద్దయిన సుభానీ ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఇంటి ముందూ పిలవాలి. ఆపైన ఇంజను ఆపి, నూరు లెక్కపెట్టాలి. శాఖ నియమావళిలో అది ఎక్కడా లేదు. మరిడయ్యకు అది చాదస్తంగా తోచేది. "మనకి సైరన్ దండగరా, మరిడయ్యని బండెక్కిస్తే చాలు" అని తోటివాళ్లు నవ్వే గొంతు అతనిది. పైగా నిన్న చూడవలసిన ఇళ్లు ఎన్నో మిగిలి ఉండటంతో ఆ ఇంటి ముందు ఇంజను ఆపలేదు.

"మూడుసార్లు పిలిచాను. వీధి చివరిదాకా వినబడేలా పిలిచాను. ఆవిడ పలకలేదండీ."

సుభానీ లేచారు. శిబిరం నడుస్తున్న బడిలో వంటవాళ్లనడిగి ఒక కంచం, గరిటె తెచ్చుకున్నారు.

"పడవ ఆ కరెంటు స్తంభం దాకా తీసుకెళ్లు. ఇంజను ఆపకుండా నన్ను పిలు. తర్వాత వచ్చెయ్" అని, ఒక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

మరిడయ్య మూడుసార్లు పిలిచాడు. జవాబు లేదు. వెనక్కి వచ్చి, బడి మెట్ల దగ్గర ఇంజను ఆపాడు.

మూసిన తలుపు వెనక కంచం మోగుతోంది. సన్నగా, విడవకుండా.

అతను తలుపు తీశాడు. "ఎంతసేపటి నుంచి కొడుతున్నారు?"

"నీ మొదటి పిలుపు నుంచి."

మరిడయ్య గడప దాటి లోపలికి వచ్చాడు.

"నూరు లెక్కపెట్టడం మీకెవరు నేర్పారు గురువుగారూ?"

సుభానీ గరిటెను కంచంలో పెట్టారు.

"నూకాలమ్మగారని. ఇరవయ్యారేళ్ల కిందటి వరదలో. ఆ రోజు నేనూ ఇంజను ఆపలేదు. ఆవిడ గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు."

పడమటి వీధిలో ఇంకా పద్దెనిమిది ఇళ్లున్నాయి. మరిడయ్య వంగి జాకెట్ తీసుకున్నాడు.