కావడిలో రెండో బకెట్

పదకొండేళ్లు ఐస్ హాకీ ఆడిన ఓటకర్ ఒకనాడు స్కేట్లు భుజాన వేసుకుని కొండమీది మఠానికి వచ్చాడు. చిన్నప్పుడు అక్కడి సరస్సు గడ్డకట్టినప్పుడల్లా ఫాదర్ ప్రోకోప్ అతనికి ఆట నేర్పేవాడు.

"ఇవి మీరిచ్చినవే ఫాదర్. తీసేసుకోండి. ఇక నా వల్ల కాదు."

ముసలాయన స్కేట్ల వంక చూడనైనా చూడలేదు. "ముందు కూర్చో," అన్నాడు.

కూర్చున్నవాడు ఊరుకుంటాడా? కడుపులోదంతా వెళ్లగక్కాడు. ఒలింపిక్స్‌లో ఐస్ హాకీ కొత్తగా మొదలైన రోజులవి. అప్పట్లో ఆటలో ఒక మర్యాద ఉండేది. ఒక జట్టులో ఎవరైనా దెబ్బ తగిలి తప్పుకుంటే, అవతలి జట్టు కూడా ఒకణ్ణి తప్పించాలి. అక్కడ ఓటకర్ ఆడిన మ్యాచ్‌లో మూడో నిమిషంలోనే ఎదుటి జట్టువాడొకడు మోకాలు విరిగి పడిపోయాడు. ఓటకర్ జట్టు కెప్టెన్ వచ్చి అతనికి బెంచీ చూపించాడు.

"పడినవాడు వాళ్లలో మేటి ఆటగాడట. అందుకని మాలోనూ మేటివాణ్ణే కూర్చోబెట్టాడట! ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఈ వయసులో నన్ను మళ్లీ ఎవరు తీసుకెళ్తారు? ఊళ్లో పిల్లలు 'ఒలింపిక్స్‌లో ఏం చేశారు?' అని అడుగుతుంటే, కూర్చున్నానని ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

పాపం, అతని గొంతులో కోపం కూడా మిగల్లేదు. ఒట్టి అలసటే ఉంది.

"వంటింట్లో నీళ్లు నిండుకున్నాయి, రా," అంటూ ఫాదర్ కావడి అందుకున్నాడు. గడ్డకట్టిన సరస్సులో కొట్టిన కంతలోంచి రెండు బకెట్లూ నిండా ముంచాడు. ఓటకర్ అడిగినా ఇవ్వకుండా తన భుజానికే ఎత్తుకున్నాడు.

ఎక్కుడు దారిలో ముందు బకెట్ బండకు తగిలి సగం ఒలికిపోయింది. బరువంతా వెనక్కి లాగేసరికి ముసలాయన తూలాడు. ఎలాగో నిలదొక్కుకుని కావడి దించాడు. వెనక బకెట్ ఎత్తి, అందులోనూ సగం నీళ్లు పారబోశాడు. మళ్లీ కావడి భుజాన పెట్టుకోబోయాడు.

ఓటకర్ ప్రాణం ఉసూరుమంది. "అయ్యో! ఆ నీళ్లేం పాపం చేశాయి ఫాదర్?"

"ఏ పాపమూ చేయలేదు నాయనా. అవి పోబట్టే ఇవి వంటింటికి చేరతాయి."

నేలమీద ఆ తడి గడ్డకట్టేదాకా ఓటకర్ దానివంకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, కావడి కింద తన భుజం పెట్టాడు.

సాయంత్రం స్కేట్లు తీసుకుని బయల్దేరుతుంటే, ఫాదర్ గుమ్మం దాకా వచ్చాడు.

"మరి పిల్లలకేం చెబుతావు?"

"కూర్చున్నానని చెబుతాను."