బుల్లెమ్మ మెట్లకి ఇనుప ఊచలు

దా చిట్టీ, దుప్పటి కప్పుకో. చెయ్యి ఇలా నా మీద వెయ్యి. ఆఁ, చెప్తున్నా విను.

అనగనగా ఒక నేతగాళ్ళ ఊరు. ఆ ఊళ్ళో ఒక చిన్న మేడ. ఆ మేడకి పదకొండు మెట్లు. మెట్లకి ఒక పక్క గోడ. రెండో పక్క ఏమీ లేదు, ఉత్త గాలే.

ఆ ఇంట్లో నాగరత్నం అని ఒకావిడ చీరలు నేసేది. వానాకాలం కింద గదిలో నీళ్ళూరుతున్నాయని మగ్గం మేడ మీద పెట్టుకుంది. ఆవిడకి బుల్లెమ్మ అని పాకే పాప. వాళ్ళమ్మ ఎక్కడుంటే పాప అక్కడికే పోవాలి. మెట్లేమో అలా ఉన్నాయి. అత్తగారు మల్లేశ్వరమ్మకి మోకాళ్ళ నొప్పులు, పిల్ల వెనకాల పరిగెత్తలేదు.

అందుకని నాగరత్నం పాత చీర పేలిక పాప నడుముకి చుట్టి, మంచం కోడుకి కట్టేసి పైకెళ్ళేది. కింద పాప ఏడ్చేది. పైన వాళ్ళమ్మ మగ్గం ముందు కూచుని ఏడ్చేది, నా బిడ్డని దూడలా కట్టేస్తున్నానే అని.

అప్పుడు కమ్మరి కాళాచారికి కబురంపారు. ఆయన వచ్చి జేబులోంచి టేపు తీశాడు.

"పిల్లని కొలవాలమ్మా. ఎంతుందో తెలిస్తే ఊచకీ ఊచకీ ఎంత సందు పెట్టాలో తెలుస్తుంది."

మల్లేశ్వరమ్మ చప్పున అడ్డం వచ్చింది. "పాకే పిల్లని కొలుస్తారుటయ్యా, అరిష్టం! మా ఇంట్లో ఆ మాటే లేదు."

"సరేనమ్మా, కొలవను. పిల్లే చెప్తుందిలే" అని నవ్వి టేపు జేబులో వేసుకున్నాడు. ఎంత మంచాయనో చూడు, ఇంకొకరైతే విసుక్కునేవాళ్ళు.

మల్లేశ్వరమ్మకేమో తీగలూ నెమళ్ళూ ఉన్న ఊచలు కావాలి. కాళాచారి అలాంటిదే ఒక ముక్క చేసుకొచ్చి, తాడుతో రెండు మెట్లకి కట్టి, పాపని విప్పమన్నాడు. గోడ లేని పక్కన కింద చేతులు చాచి కూచున్నాడు. బుల్లెమ్మ బిరబిరా పాక్కుంటూ వచ్చింది. తీగ మీద ఒక కాలు పెట్టింది, నెమలి వీపు మీద ఇంకో కాలు పెట్టింది. అటువైపుకి వంగేసరికి ఆయన పట్టుకున్నాడు.

"చూశారా, నిచ్చెన చేసిచ్చాను మీ మనవరాలికి" అన్నాడు.

ఆ తర్వాత అడ్డం ఏమీ లేకుండా, జానెడు సందుతో నిలువు ఊచలు తెచ్చి కట్టాడు. ఎక్కడానికి కాలు ఆనలేదు. కానీ పాప పక్కకి తిరిగి, సందులోంచి సగం అవతలికి వచ్చేసింది. నాగరత్నం కెవ్వుమంది. కాళాచారి చేతులు అక్కడే ఉన్నాయి.

మూడోసారి బెత్తెడు సందుతో తెచ్చాడు. బుల్లెమ్మ తల పెట్టింది, పట్టలేదు. భుజం పెట్టింది, పట్టలేదు. కోపం వచ్చి ఊచని కొరికింది. అందరూ నవ్వారు.

మల్లేశ్వరమ్మ మాత్రం మూతి ముడుచుకుంది. "పిల్లకి బాగానే ఉందిలే ఆచారీ. జైలుకి పెట్టాల్సినవి మా ఇంటికి తెచ్చినట్టున్నావు."

ఆయన కొలిమికి పోయాడు. ఒక్కో ఊచనీ ఎర్రగా కాల్చాడు. ఒక కొస బిగించి, రెండో కొస పట్టుకుని ఊచ నడిమి దగ్గర మెలి తిప్పాడు. ఎన్ని ఊచలనుకున్నావు? మెట్టుకి మూడు చొప్పున ముప్ఫైమూడు. అన్నీ ఒక్కలాగే తిరిగాయి చిట్టీ, తడి చీర పిండితే పడే మెలికలా. కాలు పెట్టడానికి చోటు లేదు, చూడ్డానికి ఎంత ముచ్చటో! మల్లేశ్వరమ్మ వేలితో నిమిరి చూసింది. అప్పటికి నవ్వింది.

అప్పుడు మెట్లకి గుంటలు తొలిచాడు. దారానికి గుండు కట్టి చూసుకుంటూ ఊచలు నిటారుగా నిలబెట్టాడు. సిమెంటు పోశాడు. పైన చెయ్యి సాఫీగా జరిగేట్టు నున్నటి కమ్మీ బిగించాడు.

"ఇప్పుడు విప్పెయ్యనా బాబాయ్?" అంది నాగరత్నం.

"మూడు రోజులు ఆగమ్మా. సిమెంటు గట్టిపడేదాకా తడుపుతూ ఉండండి."

మొదటి రోజు పొద్దున్నే వచ్చి ఊచని కదిపి చూశాడు. ఇంకా ఆగాలి అన్నాడు. రెండో రోజు వచ్చాడు. పాప ఏడుపుకి ఆయన కళ్ళూ చెమర్చాయి. అయినా ఇంకా ఆగాలనే అన్నాడు. మూడో రోజు ముప్ఫైమూడూ పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. ఒక్కటీ కదల్లేదు.

"ఇంక విప్పమ్మా" అన్నాడు.

నాగరత్నం విప్పి, పైమెట్టు మీద కూచుంది. బుల్లెమ్మ పాక్కుంటూ వచ్చింది. మొదటి ఊచ పట్టుకుంది. రెండో చేత్తో ఇంకో ఊచ పట్టుకుంది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? రెండు కాళ్ళ మీదా లేచి నిలబడింది! అంతవరకూ ఎప్పుడూ నిలబడలేదమ్మా ఆ పిల్ల.

ఒక ఊచ వదిలి ఇంకోటి పట్టుకుంది. ఒక మెట్టెక్కింది. కాళాచారి చేతులు చాచి వెనకే ఉన్నాడు గానీ, పిల్లని ముట్టుకోలేదు. అలా ఊచ తర్వాత ఊచ, మెట్టు తర్వాత మెట్టు, ఆగుతూ ఆగుతూ పదకొండూ ఎక్కి, వాళ్ళమ్మ ఒళ్ళో పడింది.

"నడిచొచ్చావా తల్లీ! నా దగ్గరికి నడిచొచ్చావా!" అని నాగరత్నం పాపని ఎత్తుకుంది. ఆ పూట మగ్గం ఆడనే లేదు.

కథేమో కంచి దారి పట్టింది,
మా చిట్టి కంటికి నిద్దర పట్టింది.