టీవీకి వేసిన పసుపు పట్టు

మా ఇంట్లో ముగ్గురు మేధావులున్నారు. మా ఆయన కోటిలింగం గారు, పెద్ద మరిది సాంబమూర్తి, చిన్న మరిది గవర్రాజు. ఊళ్ళో ఎవరికి ఏం చెప్పినా సగమే బుర్రకెక్కుతుందనీ, తాము మాత్రం చెప్పింది చెప్పినట్టు చేస్తామనీ ముగ్గురికీ గట్టి నమ్మకం. వాన పడితే దండెం మీద బట్టలు తియ్యండని చెప్పి ఓసారి పుట్టింటికెళ్ళాను. వాన పడలేదు. నేనొచ్చేదాకా బట్టలు దండెం మీదే ఉన్నాయి. ముగ్గురూ తువ్వాళ్ళు చుట్టుకుని, మాట తప్పలేదని గర్వంగా ఎదురొచ్చారు.

మా అమ్మాయి రోహిణి కాలేజీ కబడ్డీ జట్టులో ఆడుతుంది. కిందటి నెలే మోకాలు బెణికి మంచాన పడి లేచింది. ఏలూరులో ఫైనల్ అంటే నేను వద్దన్నాను. వింటేనా. ఆట నెట్‌లో వస్తుందనీ, అయిపోగానే కెమెరా ముందుకొచ్చి నాకు చెయ్యి ఊపుతాననీ, అప్పుడైనా బాగానే ఉన్నానని నమ్మమనీ చెప్పి వెళ్ళింది. తన ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలింది. నేను ఆ చెయ్యి చూడాలి. అంతే.

ల్యాప్‌టాప్‌ని టీవీకి ఎలా కలపాలో నాకు ముందే చూపించింది. కానీ కరెంటు పనుల్లో ఆడవాళ్ళ తెలివి చాలదట. మా ఆయన అమ్మాయికి ఫోన్ చేసి వివరంగా చెప్పించుకున్నారు. ఛార్జింగ్ తియ్యకూడదు, బ్యాటరీ నిలబడదు. నల్ల వైరు ఒక కొస ల్యాప్‌టాప్‌కి, ఒక కొస టీవీకి పెట్టాలి. ల్యాప్‌టాప్‌లో వచ్చిందే టీవీలో వస్తుంది. మా వాళ్ళు ముగ్గురూ ఒక్కో ముక్కా పైకి అప్పజెప్పారు కూడా.

ల్యాప్‌టాప్ వంటింట్లో, మిక్సీ ప్లగ్గుకి ఛార్జింగ్‌లో ఉంది. టీవీ హాల్లో గోడకుంది. మధ్యలో ఇంకో గోడ. వైరు వంటింటి గుమ్మం కూడా దాటలేదు. తీసి హాల్లో ప్లగ్గుకి పెట్టండి అన్నాను. మా ఆయన నన్ను జాలిగా చూశారు.

"ఛార్జింగ్ తియ్యొద్దంది కదే పిల్ల. నీకు చెవులున్నాయి గానీ లాభమేంటి."

వైరు గుమ్మం చుట్టూ తిరగబట్టి చాలడంలేదని సాంబమూర్తి కనిపెట్టాడు. గోడలోంచి తిన్నగా వెళితే సరిపోతుందట. ఇంకేముంది, గవర్రాజు గునపం తెచ్చాడు. పొయ్యి పక్కన గోడకి తలుపంత కన్నం పడింది. ఇటుకలు పప్పులో పడ్డాయి, ఆవకాయ జాడీ రెండు చెక్కలైంది. వైరు ఇంకా జానెడు తక్కువే. కన్నం చిన్నదైపోయిందని తీర్మానించి, ముగ్గురూ పెద్ద గునపం కోసం వీధిలోకెళ్ళారు.

వాళ్ళు వెళ్ళగానే నేను ఛార్జర్ తీశాను, హాల్లో ప్లగ్గుకి పెట్టాను, వైరు తగిలించాను. బొమ్మ వచ్చింది. అప్పటికే సగం ఆట అయిపోయింది. రోహిణి నిలబడి ఉంది. కాళ్ళు బాగానే ఉన్నాయి. నాకు ఊపిరి వచ్చింది.

మా వాళ్ళు తిరిగొచ్చి టీవీని చూసి ఒకళ్ళ వీపు ఒకళ్ళు చరుచుకున్నారు. గోడ తీశాక బొమ్మ రాక ఏం చేస్తుంది అన్నాడు గవర్రాజు. ప్లగ్గు మార్చింది నేనని అన్నా దండగే.

రోహిణి కూతకెళ్ళింది. అవతలివాళ్ళు నలుగురు మీద పడ్డారు. అందరూ లేచారు. పిల్ల లేవలేదు. మోకాలు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నేను టీవీ దగ్గరికి పరిగెత్తాను.

గవర్రాజు ఒక్క గెంతు గెంతి ల్యాప్‌టాప్ మూసేశాడు. "చాలు. ఇంక నా అన్నకూతుర్ని ఆడనివ్వను," అని దాని మీద కూర్చున్నాడు. టీవీ నీలంగా అయిపోయింది.

తెరవమని అడిగాను. బతిమాలాను. తెరిస్తే మళ్ళీ ఆడించేస్తారు వదినా, ఇలాగే ఉంటే పిల్లకి విశ్రాంతి అన్నాడు. అన్నలిద్దరూ వాడి సమయస్ఫూర్తికి మెచ్చుకున్నారు. అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

ఈలోగా సాంబమూర్తి పసుపూ సున్నమూ కలిపి వేడి చేసి తెచ్చాడు. ఎవరికయ్యా అని నేనడిగితే పిల్లకి అన్నాడు. పిల్ల ల్యాప్‌టాప్‌లోంచి బయల్దేరిందా, వైరులోంచి టీవీలోకి వచ్చిందా, దెబ్బ తగిలింది టీవీలో, కాబట్టి మందు టీవీకే వెయ్యాలి. అదీ లెక్క. మోకాలు తెరకి కుడివైపు కింద కనబడిందని మా ఆయన గుర్తు చెప్పారు. అక్కడ అరచెయ్యంత పట్టు వేశారు. మంటెడుతుందేమోనని గవర్రాజు కూర్చున్నచోటినుంచే టీవీ కేసి ఊదాడు.

ఫోన్ మోగింది. లాక్కున్నాను. రోహిణి. గెలిచారట. మోకాలు గీరుకుందంతే, రెండు నిమిషాల్లో లేచి మళ్ళీ ఆడిందట.

"చెయ్యి ఊపానమ్మా, చూశావా?"

"చూశానే," అన్నాను. ఇంకేమనను.

మా ఆయన ఫోన్ లాక్కున్నారు. నొప్పి తగ్గిందా అని అడిగారు. తగ్గిందంది. తగ్గక, వేడి వేడి పట్టు వేశాం అన్నారు. అదేమిటో అర్థంకాక పిల్ల, దెబ్బ ఎడమ మోకాలికి నాన్నా, చిన్నదేలే అని పెట్టేసింది.

ముగ్గురూ టీవీ కేసి చూశారు. పట్టు కుడివైపుంది.

"కొంప మునిగింది అన్నయ్యా," అన్నాడు సాంబమూర్తి. "మంచి కాలికి మందేశాం."

అంతే. నేను అడ్డం పడేలోపు గవర్రాజు ల్యాప్‌టాప్ మీంచి లేచి బిందెడు నీళ్ళు తెచ్చి, పాత పట్టు కడగడానికి టీవీ మీద కుమ్మరించాడు. చిటపటమంది. పొగ వచ్చింది. నీలం తెర నల్లబడిపోయింది.

నేను కెవ్వుమన్నాను. మా ఆయన ఆ నల్లటి తెరని కాసేపు చూసి, తృప్తిగా తల ఊపి, దుప్పటి తెచ్చి టీవీకి కప్పారు.

"గట్టిగా అరవకండి," అన్నారు. "పిల్ల పడుకుంది."