గవరమ్మ నిచ్చెన

అనగనగా, నిచ్చెన ఒక్కటే ఉన్న ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. ఆ నిచ్చెన ఆవిడదే. వెదురుది, పదకొండు మెట్లు.

ఒకనాడు ఊళ్ళోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "ప్రజలందరికీ రిక్వెస్ట్! పిల్లలకి చుక్కల మందు వేయించండి" అని అరిచింది. అందరూ పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. అప్పుడు ఊరంతా ఏమనుకుందీ? రిక్వెస్ట్ అంటే చాలు, ఇక ఎవరూ కాదనకూడదు కాబోలు అనుకుంది.

ఇంకేముంది, గవరమ్మ ప్రాణం మీదికొచ్చింది.

మొదట ఎదురింటి పైడితల్లి వచ్చింది. "మునక్కాడలు కోసుకోవాలి వదినా, రిక్వెస్ట్" అంటూనే నిచ్చెన ఎత్తుకుంది. గవరమ్మ నోరు తెరిచేలోపు వీధి మలుపు తిరిగిపోయింది. నాలుగో రోజుకి నిచ్చెన తిరిగొచ్చింది, ఒక మెట్టు లేకుండా.

ఆ తర్వాత సింహాచలం వచ్చాడు. పందిరి వేయాలి, రిక్వెస్ట్ అన్నాడు. ఈసారి రెండు మెట్లు పోయాయి. ఇదేంట్రా అంటే, "రిక్వెస్ట్ అనే కదా అత్తా తీసుకెళ్ళానూ!" అని ఎదురు ఆవిడ మీదే విసుక్కున్నాడు. ఏం చెప్పాలి తల్లీ ఇలాంటివాళ్ళకి?

ఆ తర్వాత బంగారయ్య. వాడైతే గుమ్మంలోకి కూడా రాలేదు. వీధిలోంచే "రిక్వెస్ట్ పిన్నీ!" అని కేకేసి పట్టుకుపోయాడు.

ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. గవరమ్మ తాటాకు కప్పుకేమో కన్నం. సరిగ్గా దాని కింద విత్తనానికి దాచుకున్న వేరుశనక్కాయల బస్తా. తడిస్తే మొలకలొచ్చేస్తాయి, ఆ ఏడు చేలో చల్లడానికి గింజ ఉండదు.

అప్పుడు గవరమ్మ నిచ్చెన కోసం పరుగున వెళ్ళింది. బంగారయ్య చింతచెట్టెక్కి కాయలు దులుపుతున్నాడు.

"రేపు పంపిస్తాలే పిన్నీ, రిక్వెస్ట్."

గవరమ్మ మబ్బు వైపు చూసింది, చెట్టు వైపు చూసింది, నిచ్చెన తీసి భుజాన వేసుకుంది.

"అయ్యో, నేనెలా దిగను? రిక్వెస్ట్ పిన్నీ, రిక్వెస్ట్!"

"ఒరే బంగారూ, రిక్వెస్ట్ అంటే అడగడంరా. అడిగాక ఎదుటివాళ్ళు ఊఁ అనేదాకా ఆగాలి. ఊహూఁ అంటే అదీ వినాలి. ఇదిగో, నేను ఊహూఁ అంటున్నాను."

చరచరా వెళ్ళి కప్పెక్కింది. ఆఖరి ఆకు కట్టిందో లేదో, టప్పున చినుకు పడింది.

ఆ తర్వాత ఆ వానలోనే, గొణుక్కుంటూ, నిచ్చెన మోసుకొచ్చి చెట్టుకి వేసింది. బంగారయ్య తడిసిన కోడిలా దిగాడు.

"విరిగిన మెట్లు నేను కట్టనా పిన్నీ?" అన్నాడు. అని, నిచ్చెన మీద చెయ్యి వెయ్యకుండా నిలబడ్డాడు. గవరమ్మ జవాబు కోసం ఆగాడు!

గవరమ్మ వాణ్ణి కాసేపు అలాగే నిలబెట్టి, "ఊఁ" అంది.

నిచ్చెన గోడకి, గింజలు చేలోకి,
కథేమో కంచికి, మనమేమో పక్కలోకి!