రూపం లేని మూడు పొయ్యిలు

జగ్గభూపతికి ఏ కొత్త సంగతి చెవిన పడినా ఇక ఆ రోజంతా కాలు నిలవదు. అటువంటి రాజు దగ్గరికి ఓడ మీద ఒక చీనా వైద్యుడు వచ్చాడు. పేరు లియాంగ్. రేవులో వర్తకుల దగ్గర మన మాట నేర్చుకున్నాడు. ఒక్కో మాటా తూచి తూచి మాట్లాడతాడు.

నిండు కొలువులో ఆయన చెప్పాడు: "మా శాస్త్రంలో ఒంట్లో ఒక రాజ్యం ఉంది. గుండె రాజు. ఊపిరితిత్తులు మంత్రి. కాలేయం దండనాయకుడు. ఎత్తులు వేసేది అదే, కోపమూ దానిదే, కళ్ళు దాని కిటికీలు. పైత్యపు తిత్తి న్యాయాధికారి. కడుపు కొఠారు అధికారి."

నాకైతే తలచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఇంత ఒంట్లో అంత కొలువు కూర్చుందా అని.

రాజుగారు వింతపడి ఊరుకోలేదు. "ఒళ్ళు కొలువైనప్పుడు కొలువు ఒళ్ళు కావద్దా? ఇవాళ్టినుంచి నేను గుండెని. మీరంతా మీ మీ అవయవాలు. ఆ శాస్త్రం ప్రకారమే నడవాలి" అన్నాడు.

మంత్రి ఊపిరి బిగబట్టి, వదిలి, సరిగ్గానే ఉందని తృప్తిపడ్డాడు. కాలువల అధికారికి మూత్రాశయం వచ్చింది. నీళ్ళ పెత్తనం దానిదేనట. పాపం, ఆయన మళ్ళీ తల ఎత్తలేదు. కొఠారు అధికారి "నాకు కాస్త ఉబ్బరంగా ఉంటోంది" అని నోరు జారాడు. లియాంగ్ అక్కడికక్కడే ఒక నల్లటి కషాయం తాగించాడు. ఆ చేదుకు ఆయన మూతి ఓ పక్కకి తిరిగిపోయి, అలాగే ఉండిపోయింది.

దండనాయకుడు గండమనాయుడు మాత్రం కాలేయమైనందుకు మీసం మెలేశాడు. ఆ మీసమంటే ఆయనకి ప్రాణం. మొన్న భోజనాల దగ్గర అది పెరుగులో మునిగితే, "నాయుడుగారూ, మీసానికి వేరే ఆకు వేయించమంటారా?" అన్నాడు బుచ్చన. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ నవ్వు నాయుడికి ఇంకా అరగలేదు.

ఈ బుచ్చన రాజుగారిని నవ్వించే కొలువువాడు. జీతమంటూ లేదు. సభలో ఒక పీట, రెండు పూటలా రాజుగారి పంక్తిలో ఒక ఆకు. అదే అతని బతుకు.

"ఇంకా ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు రాజు.

"ఒకటుంది," అన్నాడు లియాంగ్. "మూడు పొయ్యిలు అంటాం. తిన్నది వండి ఒళ్ళంతా పంచేది అదే. దానికి పేరుంది, పని ఉంది, రూపం లేదు. ఎవరికీ కనబడదు."

గండమనాయుడు చటుక్కున లేచాడు. "అది బుచ్చనే, ప్రభూ. మరి రూపం లేనివాడికి పీటెందుకు, ఆకెందుకు? ఎవరు కూర్చుంటారని, ఎవరు తింటారని?"

రాజుగారికి శాస్త్రం నెత్తికెక్కి ఉంది. "నిజమేనోయ్. పీట తీయించండి. ఆకు వేయొద్దు."

బుచ్చన మొహం చిన్నబోయింది. పొద్దుటినుంచి కడుపులో ఏమీ పడలేదు. వంటశాలలోంచి గారెల వాసన ఒకటి. అయినా చేతులు కట్టుకున్నాడు.

"ఏలినవారి మాటకి తిరుగేముంది. అయితే నేను ఎవరికీ కనబడను, అంతేగా?"

"అంతే," అన్నాడు రాజు.

"నాయుడుగారికి కూడానా?"

"నాకసలే కనబడవు. నీ వెనక గోడ కనబడుతోంది," అన్నాడు నాయుడు.

భోజనాలకు అరటాకులు పరిచారు. బుచ్చన తిన్నగా వచ్చి గండమనాయుడి ఆకు ముందు చతికిలపడ్డాడు. ఒక గారె తీసుకున్నాడు. అల్లప్పచ్చడిలో అద్దుకుని నిదానంగా తిన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు.

వడ్డించేవాళ్ళు పైకప్పు చూశారు. న్యాయాధికారి పప్పులో ముద్ద వెతుక్కున్నాడు.

"ప్రభూ, వీడు నా గారెలు తింటున్నాడు," అన్నాడు నాయుడు.

"ఎవడు?" అన్నాడు రాజు.

"బుచ్చన."

"వాడికి రూపం లేదన్నది నువ్వేగా?"

బుచ్చన బొబ్బట్టు కూడా కానిచ్చి, నెయ్యి చేతిని నాయుడి ఉత్తరీయానికి తుడుచుకున్నాడు. ఆ మీసం కొసను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా పాయసంలో ముంచాడు.

నాయుడు కందగడ్డలా అయిపోయాడు. "ఇదిగో, ఇక్కడే ఉన్నాడు. ఈ రెండు కళ్ళతో చూస్తున్నాను."

అప్పుడు బుచ్చన చీనా వైద్యుడివైపు తిరిగాడు. రూపం లేదన్నారు గాని గొంతు లేదని ఎవరూ అనలేదు కదా.

"వైద్యులవారూ, లేనిది కళ్ళకి కనబడుతోందంటే జబ్బు ఏ అవయవానికి?"

లియాంగ్‌కి వేళాకోళం తెలియదు. ముద్ద వదిలేసి గబగబా వచ్చి నాయుడి నాడి పట్టుకున్నాడు. "కళ్ళు కాలేయపు కిటికీలు. కోపం కూడా బాగా ఉంది. కాలేయం ఉడికిపోతోంది. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు కషాయం. కొఠారు అధికారికి ఇచ్చిన దానికంటే చేదుది."

నాయుడు కొఠారు అధికారి మూతివైపు చూశాడు. అది ఇంకా పక్కకే ఉంది.

"నాకే జబ్బూ లేదు," అన్నాడు గాభరాగా. "నా కళ్ళు బాగున్నాయి. వాడికి రూపం ఉంది. కావలసినంత ఉంది. మీరూ చూడండి, నిండుగా ఉన్నాడు."

బుచ్చన రాజుగారికి దణ్ణం పెట్టాడు.

"కాలేయమే కనిపెట్టింది, ప్రభూ. ఇక ఆకు వేయించండి."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. మంత్రికి ఊపిరి అందలేదు. కాలువల అధికారి తల ఎత్తి మరీ నవ్వాడు.

"పీట నా పక్కనే వేయండి," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "పొయ్యి వెలగకపోతే గుండెకి మాత్రం తిండెక్కడిది? ఇకనుంచి మొదటి వడ్డన వీడికే." తన వేలి ఉంగరం తీసి బుచ్చనకి తొడిగాడు.

బుచ్చనకి కొత్త ఆకు, వేడి గారెలు వచ్చాయి. గండమనాయుడి ఆకులో కరివేపాకు మిగిలింది.