మెషిన్ దాటని ముచ్చట

మేర వీరదాసు దగ్గరికి బోధ కోసం వచ్చేవాళ్ళకు ఆయన అలవాటు తెలుసు. ప్రశ్న వినగానే జవాబు చెప్పడు. విన్నట్టు తల కూడా ఊపడు. కుట్టుమెషిన్ తొక్కుతూనే ఉంటాడు. కొందరికి ఆ సాయంత్రమే జవాబు దొరికింది, కొందరికి ఏడాది పట్టింది. ఒకరిద్దరు విసిగిపోయి వేరే గురువును చూసుకున్నారు. వాళ్ళనూ తప్పు పట్టలేం. మూసీ ఒడ్డున ఆ సంత ఊరిలో పున్నమి రాత్రులు ఆయన గురువు, మిగిలిన రోజులు చొక్కాలు కుట్టుకునే మనిషి.

ఆయన శిష్యుల్లో మల్సూరు ఒకడు. డిగ్రీ చదివాడు. బోధ వినడానికి వచ్చి ఆరేళ్ళుగా అక్కడే కుట్టుపని చేస్తున్నాడు. ఒకరోజు కత్తెర బల్లమీద కాస్త గట్టిగానే పెట్టి అడిగాడు.

"అయ్యా, ఒకరి రహస్యం బయటపెడితే ఇంకొకరి ప్రాణం నిలుస్తదంటే, పెట్టొచ్చా, పెట్టగూడదా?"

వీరదాసు మెషిన్ ఆపలేదు.

మల్సూరు కోపానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట బుచ్చిరాములు గౌడ్, షాపులో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చాడు. అరవై దాటిన గీత కార్మికుడు. మోకాళ్ళ నొప్పులతో తాటిచెట్లెక్కడం మానేశాడని ఊరంతా అనుకునేది. ఆ మాట పుట్టించింది ఆయనే. ఆ రోజు చొక్కా విప్పి చూపించాడు. ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట గుంట, దాని మీద చంకదాకా పొడుగాటి కుట్టు. రొమ్ము క్యాన్సరని పట్నంలో పెద్దాసుపత్రి వాళ్ళు తీసేశారు.

"లోపల మెత్తటి గుడ్డపెట్టి కుట్టు దాసూ, లోతు కనపడొద్దు. ఈ ముచ్చట నీ మెషిన్ దాటి పోవద్దు," అన్నాడు. గురువు సరేనన్నాడు. పక్కన గుండీలు కుడుతున్న శిష్యుడూ సరేనన్నాడు. మాట ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది!

ఇప్పుడు ఎల్లమ్మ పండుగ దగ్గర పడింది. లింగస్వామి అనే ఇంకో గీత కార్మికుడు కొత్త చొక్కాకు గుడ్డ తెచ్చాడు, కొలతకు ఆదిగా పాత చొక్కా ఇచ్చాడు. నలభై ఏళ్ళవాడు, నవ్వులాట మనిషి. "ఎడమ దిక్కు జర వదులుగ పెట్టు దాసూ, చెట్టు కాయ ఒరుసుకుంటున్నది," అన్నాడు. ఆది చొక్కా తిరగేస్తే ఎడమవైపు లోపల తుప్పురంగు మరక ఉంది. వీరదాసు బనీను ఎత్తించి తడిమి చూశాడు. చనుమొన కింద రాయిలాంటి గడ్డ. మొన లోపలికి గుంజుకుపోయింది.

తాళ్ళెక్కేవాళ్ళు రోజూ చెట్టును ఎదకు హత్తుకునే ఎక్కుతారు, దిగుతారు. అరచేతులకు కాయలు కాసినట్టే వాళ్ళ ఎదకూ కాస్తాయి. ఒంటిమీద ఏ గట్టిదనం కనపడ్డా వాళ్ళు చెట్టు ఖాతాలోనే వేస్తారు. ఇంకే పని చేసేవాడికైనా అనుమానం రావచ్చునేమో, వాళ్ళకు మాత్రం రాదు.

"ఇది చెట్టు కాయ కాదు గౌడా, పట్నం పోయి చూపెట్టుకో," అన్నాడు వీరదాసు. క్యాన్సర్ కావచ్చునని కూడా చెప్పాడు. లింగస్వామి పడీపడీ నవ్వాడు. "ఆడోళ్ళ రోగం నాకెందుకొస్తది దాసూ? నేనేమన్న పాలిచ్చిన్నా?" వారం తర్వాత మళ్ళీ చెప్పినా అదే నవ్వు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాలుగిళ్ళ అవతలే ఉన్న బుచ్చిరాములు చొక్కా విప్పి నిలబడితే ఈ నవ్వు ఆగుతుందని మల్సూరుకు తెలుసు. ఒక మనిషి సిగ్గు కోసం ఇంకో మనిషి చావాలా అనుకున్నాడు. అందుకే ఆ ప్రశ్న అడిగాడు.

ప్రశ్న అడిగిన మూడోనాడు వీరదాసు ఆ ఇద్దరినీ ఒకే పూట రమ్మని కబురంపాడు. బుచ్చిరాములును ఎప్పుడూ ఒంటరిగానే పిలిచేవాడు కాబట్టి గురువుకు మతిమరుపు మొదలైందనుకున్నాడు మల్సూరు.

లింగస్వామి బనీను మీద నిలబడ్డాడు. కొలత తీయడానికి మల్సూరు లేవబోయాడు.

"నువ్వు రాసుకో," అన్నాడు వీరదాసు, కుడుతున్న కాలర్ మీదినుంచి చూపు ఎత్తకుండా. "ఆది చొక్కా నిరుటిది, మనిషి చిక్కిండు. బుచ్చిరాములు గౌడా, నా చెయ్యి ఖాళీ లేదు. జర నువ్వు టేపు పట్టు."

"నాకేం తెలుసు దాసూ ఈ పని?"

"ఎద చుట్టు తిప్పి పట్టుడే."

బుచ్చిరాములు టేపు తిప్పాడు. రెండు కొసలూ ఎడమవైపున కలిశాయి. ఆయన వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఇంకోసారి మెల్లగా అదిమి చూశాడు. మల్సూరు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, అంకె మాత్రం వినపడలేదు.

"ఇది ఎన్నాళ్ళాయెరా అల్లుడా?"

"చెట్టు కాయనా మామా? దసరకు ముందట్నుంచే ఉన్నది. నొప్పేం లేదు."

బుచ్చిరాములు తలతిప్పి వీరదాసును చూశాడు. టేపు తన చేతికే ఎందుకు వచ్చిందో ఆయనకు అర్థమైంది. ఆ చూపులో కోపం ఉంది, బతిమాలుకోవడమూ ఉంది. వీరదాసు కాలర్ తిప్పి కుడుతున్నాడు. మల్సూరుకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేద్దామా? బుచ్చిరాములు టేపు వదిలేసి గుమ్మం వైపు నడిచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాడు మల్సూరు, అతనికి ఏడుపొచ్చినంత పనైంది. బుచ్చిరాములు తలుపు దగ్గరికేసి వెనక్కి వచ్చాడు. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు.

"నేను గూడ చెట్టు కాయే అనుకున్నరా. ఏడాది పొడుగూత చెట్టునే తిట్టిన," అన్నాడు.

లింగస్వామి ఆ గుంటను చూశాడు. నవ్వలేదు. "నీకు మోకాళ్ళన్నరు గద మామా," అన్నాడు చిన్నపిల్లవాడిలా.

"నేనే అన్న. ఆసుపత్రిల బెంచీల మీద అందరు ఆడోళ్ళే. నీ భార్య ఏదయ్యా అనడిగిండ్రు. లోపలున్నదని అబద్ధమాడిన. పేరు పిలిస్తే లేవలేక రెండుసార్లు వాపసొచ్చిన. నువ్వా అబద్ధం ఆడొద్దు. పొద్దున బస్సుకు పోదాం. చీటీ నేను రాయిస్త, పక్కన నేను కూసుంట."

ఆ ఏడు ఎల్లమ్మ పండుగలో లింగస్వామి కనపడలేదు. అప్పటికే ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు. ఆరునెలలు ముందొస్తే ఇంకా బాగుండేదన్నారట డాక్టర్లు, ఇప్పటికైనా వచ్చినందుకు సంతోషించారట. ముందు ముందు ఎలా ఉంటుందో వాళ్ళూ చెప్పలేదు. ఆసుపత్రికి పోయే బస్సు మాత్రం ఆ ఇద్దరికీ ఏనాడూ తప్పలేదు. బెంచీ మీద ఎవరో అమ్మ, "మీ ఆడమనిషి ఏది?" అని అడిగితే బుచ్చిరాములు నలుగురికీ వినపడేలా, "ఆడమనిషి లేదమ్మా, రోగం మాకే," అన్నాడట. ఆ మాట లింగస్వామే షాపుకొచ్చి చెప్పాడు, చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

బుచ్చిరాములు తన చొక్కాలకు ఇప్పటికీ లోపల మెత్తటి గుడ్డ పెట్టించుకుంటాడు. ఊరికంతటికీ చెప్పలేదు. కానీ గీత కార్మికుల సొసైటీలో ఎవరైనా ఎద తడుముకుంటూ కనపడితే పక్కకు తీసుకుపోతాడు.

ఒకనాడు మల్సూరు మళ్ళీ అడిగాడు. "అయ్యా, రహస్యం బయటపెట్టొచ్చో లేదో మీరు చెప్పనే లేదు. ఆ రోజు నేనే చెప్పేస్తే ఏమైతుండె? ఆ ముసలాయనకు అంత కష్టం తప్పుతుండె గదా?"

వీరదాసు దారం పంటితో తెంపాడు.

"నువ్వు చెప్పినా రోగం పేరు తెలుస్తుండె మల్సూరూ," అన్నాడు. "బెంచీ మీద పక్కన ఎవరు కూసుంటుండె?"