మొక్కు వెనక్కి అడిగిన వలవిడుపు తల్లి

ఓడరేవు నగరంలో పాత జెట్టీ దాటి ఉప్పుటేరు గట్టు వెంట నడిస్తే, మడచెట్ల మధ్య శ్రీ వలవిడుపు తల్లి గుడి కనిపిస్తుంది. గుడి చిన్నదే, గోపురం లేదు, హుండీ అసలే లేదు. అమ్మవారిది మోకాలెత్తు నల్లరాతి విగ్రహం. అభిషేకం చేసిన తడి ఆరకముందే చూస్తే, పాదాల చుట్టూ వల గళ్ళ గుర్తులు భక్తులకు స్పష్టంగా కనబడతాయి. ఆ గుర్తుల కథే ఇది.

పూర్వం ఇక్కడ జాలరిపేట ఉండేది. పూర్వమంటే మరీ కృతయుగం కాదు, నూలు వలలు పోయి నైలాను వలలు వచ్చిన కాలం. చిరిగిన వలను పేటలో ఎవరూ పారేసేవారు కాదు. అన్నం పెట్టిన వల గనక పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు చీరగా ఏటిలోనే సమర్పించేవారు. నూలు వల ఏడాది తిరక్కుండానే కుళ్ళి నీటిలో కలిసిపోయేది. నైలాను వల అలా కుళ్ళదని ఎవరికీ తట్టలేదు.

కులపెద్ద సూరాడ ఎల్లాజీ భక్తిలో అందరికంటే నాలుగడుగులు ముందే ఉండేవాడు. మొదటి నైలాను వల సమర్పించింది ఆయనే. కొన్నేళ్ళకు ఏటిలో చేప తగ్గింది. వలలు చుట్టుకుని మడచెట్ల వేళ్ళు చచ్చాయి, ఆ వేళ్ళ మధ్య పెరిగే రొయ్యపిల్లలు కనబడకుండా పోయాయి, తాబేళ్ళు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అమ్మకు కోపం వచ్చిందని పేట తీర్మానించింది. ఆ కోపం చల్లార్చడానికి మరిన్ని వలలు సమర్పించారు. పాపం, భక్తులు కదా!

ఒక మధ్యాహ్నం పడవ నీడలో కునుకు తీస్తున్న ఎల్లాజీకి కల వచ్చింది. నడుముదాకా బురదలో ఒక ముసలావిడ నిలబడి ఉంది.

"ఎల్లాజీ, నువ్వెట్టిన సీర కాళ్ళకి సుట్టుకుపోనాది. ఊపిరాడ్డం నేదు. ఇప్పీరా నాయినా" అంది.

ఆయన ఉలిక్కిపడి లేచి భార్య దానమ్మకు చెప్పాడు.

"అమ్మే అడిగితే ఇంకా ఆలోసనేటి? తీసీ" అందామె.

"అమ్మకిచ్చిన మొక్కు ఎనక్కి లాక్కుంటే కళ్ళు పోవేటే?"

ఆయనకు నిజంగానే భయం వేసింది. కులపెద్దే మొక్కు తప్పితే పేట ఏమైపోతుంది? ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నాడు.

ఆ వారంలోనే, ఆటుకు నీరు వెనక్కి తీసిన వేళ దానమ్మ పీతల కోసం మడల్లోకి దిగింది. బురదలో కూరుకున్న వలలో ఆమె కాళ్ళు చిక్కుకున్నాయి. లాగినకొద్దీ వల బిగిసింది. ఇంతలో పోటు మొదలైంది. కేకలు విని ఎల్లాజీ పరుగెత్తుకొచ్చేసరికి నీరు ఆమె గొంతుదాకా వచ్చేసింది. మునిగి తడిమితే, ఆ వల ముడులు తన చేత్తో వేసినవేనని ఆయనకు తెలిసిపోయింది. మొక్కూ పాపమూ ఏదీ గుర్తుకు రాలేదు. "ఇప్పేత్తన్నానే అమ్మా, ఇప్పేత్తన్నాను" అని ఏడుస్తూ కత్తితో తెగ్గోశాడు. దానమ్మ బతికింది. మర్నాడు ఎల్లాజీ మాట మీద పేటంతా కలిసి మిగిలిన వలను లాగితే, అందులో చుట్టుకుని ఈ విగ్రహం పైకి వచ్చింది.

నాటినుంచి ఇక్కడ అమ్మకు ఏదీ సమర్పించరు. ఆదివారంనాడు ఓడరేవు కూలీలు, కాలేజీ పిల్లలు, నగరంలోని గృహిణులు ఏటిలోకి దిగి వలలు, ప్లాస్టిక్ సంచులు తీస్తారు. గట్టున మడ మొక్కలు నాటి, కాళ్ళు కడుక్కుని దర్శనానికి వెళతారు. ఈ పనికి కూలి ఎవరూ అడగరు. కొబ్బరికాయ పట్టుకొచ్చినవారిని పూజారమ్మ "అమ్మకి ఏటి తీసినావు?" అని అడిగి నీళ్ళవైపు చూపిస్తుంది. ఇక్కడ సేవ చేసినవారికి పెళ్ళి సంబంధాల్లో, కోర్టు వ్యాజ్యాల్లో చిక్కులు వీడతాయని నమ్మకం. ఏటిలోకి చేపా రొయ్యా మాత్రం తిరిగి వచ్చాయి, అది అందరూ చూస్తున్నదే.

ఎల్లాజీ తాను ఇచ్చిన వలలన్నీ తీయలేకపోయాడు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ తీశాడు. మంచం పట్టాక, అమ్మ కాళ్ళు ఇంకా పూర్తిగా విడవలేదని ఏడ్చేవాడట. ఇప్పటి పూజారమ్మ ఆయన మనవరాలే. ఆదివారం హారతి ఇవ్వకముందే ఆమె ఏటిలోకి దిగుతుంది. ఆమెతోపాటు ఎవరైనా దిగవచ్చు.